ఆ ఎర్ర గీత గీసేదెవరు? విమ్‌లో ల్యాంగ్వేజ్ సర్వర్ ప్లగిన్‌ల పోలిక

మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఒక సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని నా సీటు దగ్గరికి వచ్చాడు. "అన్నా, ఈ ప్లగిన్ కూడా పనిచేయట్లేదు. తీసేసి ఇంకోటి వేసుకోనా?" అన్నాడు. స్క్రీన్ మీద విమ్ అనే కోడ్ ఎడిటర్, అందులో పైథాన్ ఫైలు. పైన ఉన్న ఇంపోర్ట్ లైన్లన్నిటి కిందా ఎర్ర గీతలు. అదే ప్రోగ్రామ్‌ని టెర్మినల్‌లో రన్ చేస్తే ఏ తప్పూ లేకుండా నడుస్తోంది. వారంలో అతను మార్చిన మూడో ప్లగిన్ అది. మూడింటిలోనూ అవే గీతలు.

"మూడు ప్లగిన్‌లూ ఒకే తప్పు చూపిస్తున్నాయంటే, లోపం ప్లగిన్‌లో ఉందంటావా?" అన్నాను. ఆలోచనలో పడ్డాడు.

విమ్‌కి ఏ ల్యాంగ్వేజ్ సర్వర్ ప్లగిన్ మంచిది అని నన్ను తరచూ అడుగుతుంటారు. జవాబు చెప్పాలంటే, అసలు ప్లగిన్ చేసే పని ఏది, దాని చేతిలో లేని పని ఏది అన్నది ముందు తేలాలి. అది తేలితే పోలిక సులువు. తేలకపోతే అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ప్రతి ఇబ్బందికీ ప్లగిన్‌ని మార్చుకుంటూ పోతాం.

దుబాసీ పని

2016కి ముందు ప్రతి ఎడిటర్‌కీ, ప్రతి భాషకీ విడివిడిగా ప్లగిన్ రాసుకోవాల్సి వచ్చేది. విమ్‌లో పైథాన్‌కి జెడై-విమ్, గో భాషకి విమ్-గో. ఈమ్యాక్స్‌లో మళ్లీ వేరేవి. పది భాషలు, ఐదు ఎడిటర్లు ఉంటే యాభై ముక్కలు, వాటిని సరిచేస్తూ ఉండటానికి అంతమంది మనుషులు. 2016 జూన్‌లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి ల్యాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ని ప్రకటించాయి. పొట్టిగా ఎల్ఎస్‌పీ. భాషకి ఒక సర్వర్ (ఆ భాష తెలిసి తప్పులు, సూచనలు చెప్పే ప్రోగ్రామ్), ఎడిటర్‌కి ఒక క్లయింట్ (దానితో మాట్లాడే భాగం) చాలు. యాభై కాస్తా పదిహేనుకి వచ్చింది.

అదే ఏడాది సెప్టెంబరులో విమ్ 8.0 విడుదలైంది. బయటి ప్రోగ్రామ్‌తో పక్కన మాట్లాడుతూనే టైపింగ్ ఆగకుండా చూసుకునే జాబ్స్, ఛానెల్స్ అందులో వచ్చాయి. అంతకుముందు బయటి ప్రోగ్రామ్‌ని పిలిస్తే మామూలుగా అది జవాబిచ్చేదాకా విమ్ బిగుసుకుపోయేది. ఈ రెండూ ఒకే ఏడాది కలిసిరావడంతో విమ్‌కి ఎల్ఎస్‌పీ ప్లగిన్‌లు వరసగా పుట్టుకొచ్చాయి.

మరి ఆ ప్లగిన్ చేసేదేమిటి? దుబాసీ పని. విమ్‌కి పైథాన్ రాదు. ప్లగిన్‌కీ రాదు. పైథాన్ తెలిసింది పైరైట్ లాంటి సర్వర్‌కి. సీ ప్లస్ ప్లస్ తెలిసింది క్లాంగ్‌డీకి, గో తెలిసింది గోప్లీజ్ (gopls)కి, రస్ట్ తెలిసింది రస్ట్-అనలైజర్‌కి. ఇటు మీరు కొట్టే ప్రతి కీని అటు చేరవేయడం, అటునుంచి వచ్చిన జవాబుని ఇటు గీతగానో పాపప్‌గానో చూపించడం దుబాసీ వంతు.

ఫైలు తెరవగానే ప్లగిన్ ఆ సర్వర్‌ని పక్కన ఒక ప్రాసెస్‌గా లేపుతుంది. మొదటి సందేశం "ఇనిషియలైజ్". నా ప్రాజెక్టు ఫోల్డర్ ఇది, నేను చూపించగలిగినవి ఇవి అని చెబుతుంది. సర్వర్ తను ఏమేం చేయగలదో చెబుతుంది. తర్వాత "డిడ్‌ఓపెన్" అనే సందేశంలో ఫైలు మొత్తం వెళ్తుంది. ఆ క్షణం నుంచి సర్వర్‌కి ఆ ఫైలు విషయంలో డిస్క్ మీదున్నది లెక్కలోకి రాదు, ప్లగిన్ చెప్పిందే నిజం. మీరు అక్షరం మారిస్తే "డిడ్‌చేంజ్" వెళ్లాలి. ఒక్క మార్పు తప్పుగా చేరిందంటే సర్వర్ దగ్గరున్న ఫైలు వేరు, మీ కళ్ల ముందున్నది వేరు. అప్పుడు లేని తప్పులు చూపిస్తుంది, ఉన్న ఫంక్షన్ కనపడదంటుంది. ఫైలు మూసి మళ్లీ తెరిస్తే అన్నీ సర్దుకుంటాయి. మీకు అలా ఎప్పుడైనా జరిగితే, అది మాత్రం చాలాసార్లు ప్లగిన్ వైపు లోపమే.

కుర్రాడి సమస్య అది కాదు. అతను వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ని, అంటే ఆ ప్రాజెక్టు లైబ్రరీలను విడిగా ఉంచే పైథాన్ సెటప్‌ని, యాక్టివేట్ చేయకుండా విమ్ తెరిచాడు. పైరైట్ సిస్టమ్‌లో ఉన్న పైథాన్‌ని చూసింది, అందులో అతని లైబ్రరీలు లేవు. యాక్టివేట్ చేసి అదే టెర్మినల్ నుంచి విమ్ తెరవగానే గీతలన్నీ పోయాయి. సీ ప్లస్ ప్లస్‌లో ఇలాంటిదే కంపైల్ కమాండ్స్ జేసన్ ఫైలు, అంటే ఏ ఫైలుని ఎలా కంపైల్ చేయాలో రాసి ఉండే జాబితా. అది లేకపోతే క్లాంగ్‌డీకి హెడర్ ఫైళ్లు ఎక్కడున్నాయో తెలియదు. సీమేక్ అనే బిల్డ్ టూల్‌లో ఒక్క ఆప్షన్ పెడితే ఆ ఫైలు దానంతటదే తయారవుతుంది. ఆ ఒక్క ఆప్షన్ తెలియక ఎడిటర్‌నే మార్చేసుకున్నవాళ్లు నాకు తెలుసు.

సర్వర్ ఒకటే, తీరు వేరు

అయితే ప్లగిన్ ఏదైనా ఒకటే అనుకుంటే అదీ పొరపాటే. ఒకే సర్వర్ రెండు ప్లగిన్‌లలో రెండు రకాలుగా ప్రవర్తించడం మీరు గమనించే ఉంటారు. ఒకదాంట్లో ఫంక్షన్ పేరు ఎంచుకోగానే బ్రాకెట్లు, లోపల ఆర్గ్యుమెంట్లకు ఖాళీలు వచ్చేస్తాయి. ఇంకోదాంట్లో వట్టి పేరే వస్తుంది. కారణం ఆ మొదటి పలకరింపులో ఉంది. నాకు స్నిపెట్లు చూపించడం వచ్చు అని ప్లగిన్ చెబితేనే సర్వర్ స్నిపెట్ పంపుతుంది. రాదంటే మామూలు మాట పంపుతుంది.

సూచనల వరస కూడా అంతే. మీరు రెండక్షరాలు కొట్టగానే సర్వర్ కొన్ని వందల పేర్లు పంపొచ్చు. వాటిలోంచి మీరు కొట్టినదానికి సరిపోయేవి ఏరి, వరసలో పెట్టేది చాలావరకు ప్లగినే. ఏ పేరుతో పోల్చాలి, ఏ వరసలో పెట్టాలి అన్న సూచన సర్వర్ ఇస్తుంది. దాన్ని ఒక ప్లగిన్ తూచా తప్పకుండా పాటిస్తుంది, ఇంకోటి మీరు ఇటీవల వాడిన పేర్లను పైకి తెస్తుంది. కొన్నిసార్లు సర్వర్ జవాబుతో పాటు "ఇది పూర్తి జాబితా కాదు" అనే గుర్తు పంపుతుంది. అలాంటప్పుడు ప్లగిన్ ప్రతి కీకీ మళ్లీ అడగాలి. అడగని ప్లగిన్‌లో మీకు కావాల్సిన పేరు ఎంత కొట్టినా రాదు. "సూచనలు తెలివిగా లేవు" అని మనం అనేవాటిలో చాలా భాగం ఇక్కడే పుడతాయి.

ఒక్కో ప్లగిన్ ఏం మోస్తుంది

నా లెక్కలో ప్లగిన్‌లను పోల్చాల్సింది వేగంతో కాదు. పెద్ద రస్ట్ ప్రాజెక్టులో ర్యామ్ జీబీల్లో పోతోందంటే, మొదటి రెండు నిమిషాలు ఏదీ పలకడం లేదంటే, అది రస్ట్-అనలైజర్ ప్రాజెక్టంతా చదువుకుంటున్న సమయం. ప్లగిన్ మారిస్తే అది తగ్గదు. చూడాల్సింది వేరే: సర్వర్‌ని ఎవరు ఇన్‌స్టాల్ చేస్తారు, సెట్టింగ్‌లు ఎక్కడ ఉంటాయి, ఏదైనా ఆగిపోతే ఎక్కడ వెతకాలి, ఇంకే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడి ఉంది.

కాక్ డాట్ ఎన్‌విమ్ అన్నిటికన్నా ఎక్కువ బరువు తానే మోస్తుంది. టైప్‌స్క్రిప్ట్‌లో రాసింది, నడవాలంటే జావాస్క్రిప్ట్‌ని నడిపించే నోడ్ జేఎస్ ఉండాలి. పేరులో ఎన్‌విమ్ (విమ్ నుంచి విడిగా పుట్టిన నియోవిమ్ అనే ఎడిటర్) ఉన్నా విమ్‌లోనూ నడుస్తుంది. దీనికి సొంత ఎక్స్‌టెన్షన్‌లు ఉన్నాయి. పైథాన్‌కి కాక్-పైరైట్, టైప్‌స్క్రిప్ట్‌కి కాక్-టీఎస్‌సర్వర్ వేసుకుంటే సర్వర్ తెచ్చుకోవడం, లేపడం అన్నీ అదే చూసుకుంటుంది. సెట్టింగ్‌లు ఒక జేసన్ ఫైలులో ఉంటాయి. చాలా పేర్లు వీఎస్ కోడ్‌లో ఉన్నవే కాబట్టి అక్కడి నుంచి వచ్చినవాళ్లకి ఇల్లు మారినట్టు కాక గది మారినట్టు ఉంటుంది. స్నిపెట్లు, పాపప్‌లు, లిస్టులు అన్నీ వేసిన వెంటనే ఉంటాయి. టైప్‌స్క్రిప్ట్ మీద రోజంతా పనిచేసేవాళ్లకి నేను మొదట చెప్పే పేరు ఇదే. నోడ్ వాళ్ల దగ్గర ఎలాగూ ఉంటుంది.

కానీ ఆ నోడ్ దగ్గరే ఒకసారి నాకు గట్టి టెన్షన్ వచ్చింది. ఒక క్లయింట్ ప్రాజెక్టులో వాళ్ల సర్వర్‌లోకి లాగిన్ అయి అక్కడే కోడ్ మార్చాలి. బయటి నెట్ లేదు, నోడ్ పెట్టడానికి పర్మిషన్ లేదు. ఏళ్ల తరబడి అలవాటు పడిన సెటప్ ఒక్క పూటలో పనికిరాకుండా పోయింది. ఆ రోజు నన్ను ఆదుకున్నది ఏఎల్ఈ.

ఏఎల్ఈ మొదట లింటర్‌లను వెనకాల నడిపించే ప్లగిన్. కోడ్ తప్పులు పట్టే చిన్న చిన్న ప్రోగ్రామ్‌లను పిలిచి, వాటి మాటలను గీతలుగా చూపించేది. ఎల్ఎస్‌పీ తర్వాత చేరింది. అందుకే దాని స్వభావం ఇప్పటికీ లింటర్‌దే. సర్వర్‌ని తను ఇన్‌స్టాల్ చేయదు. మెషీన్‌లో పాత్‌లో ఏది దొరికితే దాన్ని వాడుకుంటుంది. ఆ క్లయింట్ మెషీన్‌లో గోప్లీజ్ అనే ఒక్క బైనరీ కాపీ చేసి పెట్టాను, ఏఎల్ఈ దాన్ని పట్టుకుంది. డెఫినిషన్‌కి వెళ్లడం, పేరు మార్చడం, డాక్యుమెంటేషన్ చూపించడం అన్నీ నడిచాయి. ఇంకో బలం ఏమిటంటే, షెల్ స్క్రిప్ట్‌ల తప్పులు పట్టే షెల్‌చెక్ లాగా సర్వర్ రూపంలో లేని పనిముట్లనూ ఇది అదే చోట కలుపుతుంది. సేవ్ చేయగానే బ్లాక్, ప్రెట్టియర్ లాంటి, కోడ్‌ని ఒక పద్ధతిలో సర్దిపెట్టే ఫార్మాటర్‌లను నడిపించమన్నా నడిపిస్తుంది. సూచనల విషయంలో మాత్రం కాక్ అంత నిండుగా ఉండదు.

కొందరు ఏఎల్ఈనీ కాక్‌నీ కలిపి వేసుకుంటారు. వేసుకోవచ్చు, కానీ ఒక పని చేయాలి. రెండూ ఒకే సర్వర్‌ని విడివిడిగా లేపితే ఒక్కో తప్పూ రెండుసార్లు కనపడుతుంది, ర్యామ్ రెట్టింపు పోతుంది. ఏఎల్ఈలో ఎల్ఎస్‌పీని ఆపేసే సెట్టింగ్ ఉంది, కాక్‌లో తప్పుల ప్రదర్శనని ఏఎల్ఈకి అప్పగించే సెట్టింగ్ ఉంది. ఈ రెండూ పెట్టాకే ఆ జోడీ బాగుంటుంది.

విమ్-ఎల్ఎస్‌పీ పూర్తిగా విమ్ స్క్రిప్ట్‌లో రాసింది. నోడ్ అక్కర్లేదు, పైథాన్ అక్కర్లేదు. ఒక్కటే వేస్తే ఎముకల గూడు లాగా ఉంటుంది. దానికి విమ్-ఎల్ఎస్‌పీ-సెట్టింగ్స్ జోడిస్తే, ఫైలు తెరిచి ఒక్క కమాండ్ కొట్టగానే ఆ భాషకి తగిన సర్వర్ డౌన్‌లోడ్ అవుతుంది. టైప్ చేస్తుండగానే సూచనలు రావాలంటే అసింక్‌కంప్లీట్, దాన్ని విమ్-ఎల్ఎస్‌పీతో కలిపే అసింక్‌కంప్లీట్-ఎల్ఎస్‌పీ కూడా కావాలి. అన్నీ కలిస్తే చక్కటి సెటప్. దాని కోడ్ చదివి అర్థం చేసుకోవచ్చు అన్నది నాకు నచ్చిన విషయం.

విమ్ 9 వాడేవాళ్లకి ఇంకో దారి ఉంది. 2022లో వచ్చిన విమ్ 9.0లో కొత్త విమ్9 స్క్రిప్ట్ వచ్చింది. పాతదానిలా లైను లైను చదువుతూ కాకుండా ఫంక్షన్‌ని ముందే కంపైల్ చేసుకుంటుంది. ఛానెల్‌లకి ఎల్ఎస్‌పీ మోడ్ కూడా చేరింది, అంటే సందేశాల పొడవు లెక్కపెట్టి జేసన్ విప్పే పని విమ్ తానే చేస్తుంది. ఈ రెండింటి మీద కట్టిన యెగప్పన్ ఎల్ఎస్‌పీ ప్లగిన్ చిన్నగా, శుభ్రంగా ఉంటుంది. యూకంప్లీట్‌మీ అనే పాత ప్లగిన్ గురించి ఎక్కువ చెప్పను. ఎల్ఎస్‌పీ పుట్టకముందు నుంచే ఉంది, ఇప్పుడు అదీ సర్వర్‌లతో మాట్లాడుతుంది. కానీ వేసుకునేటప్పుడు కంపైల్ చేయాలి. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఆ శ్రమ అవసరం లేదని నా అభిప్రాయం.

నియోవిమ్ కథ వేరు. 2021 జులైలో వచ్చిన 0.5 వెర్షన్ నుంచి ఎల్ఎస్‌పీ క్లయింట్ ఎడిటర్‌లోనే ఉంది, లువా అనే భాషలో రాసింది. మొదట్లో చాలామందికి ఇక్కడ ఒక అపోహ ఉండేది. ఎన్‌విమ్-ఎల్ఎస్‌పీకాన్ఫిగ్ అనే ప్లగినే క్లయింట్ అనుకునేవారు. అది క్లయింట్ కాదు. ఏ సర్వర్‌ని ఏ కమాండ్‌తో లేపాలి, ప్రాజెక్టు ఫోల్డర్‌ని ఏ గుర్తులతో కనుక్కోవాలి అన్న చిట్టా అంతే. 2025 మార్చిలో వచ్చిన 0.11లో ఈ చిక్కు చాలావరకు విడిపోయింది. చిట్టా ఉంటే చాలు, ఫలానా సర్వర్‌ని ఎనేబుల్ చెయ్ అని ఒక్క లైను రాస్తే సరిపోతుంది. పేరు మార్చడానికి, రిఫరెన్సులు చూడటానికి కీలు కూడా ముందే ఇచ్చారు. సర్వర్‌ని తెచ్చుకునే బాధ్యత మాత్రం మీదే. అది చేసిపెట్టడానికి మేసన్ అనే ప్లగిన్ ఉంది. టైపింగ్ మధ్యలో సూచనలు లోపలి క్లయింటే ఇవ్వగలదు కానీ, దాన్ని ఎనేబుల్ చేయాలి; అప్పుడూ మామూలుగా చుక్క లాంటి గుర్తు కొట్టినప్పుడే తెరుచుకుంటుంది. ప్రతి అక్షరానికీ కావాలంటే ఎన్‌విమ్-సీఎంపీ, బ్లింక్ లాంటి సూచనల ప్లగిన్‌లు వేసుకోవచ్చు.

ఏది వేసుకున్నా, ఆగిపోయినప్పుడు ఎక్కడ చూడాలో మొదటి రోజే తెలుసుకోండి. ఏఎల్ఈలో ఏఎల్ఈఇన్ఫో, కాక్‌లో కాక్‌ఇన్ఫో, విమ్-ఎల్ఎస్‌పీలో ఎల్ఎస్‌పీస్టేటస్, నియోవిమ్‌లో చెక్‌హెల్త్. సర్వర్ లేచిందా లేదా అన్నది మొదట అక్కడ చూడాలి. సర్వర్ బాగానే లేచిందని ఈ ఒక్క కమాండ్‌తో చూసుకుని ఉంటే, ఆ కుర్రాడు ప్లగిన్‌లు మారుస్తూ వారం పోగొట్టుకునేవాడు కాదు.

తెలుగు లైను పెట్టే పరీక్ష

ఇప్పుడు చెప్పబోయేది తెలుగువాళ్లకి ప్రత్యేకంగా పనికొచ్చే విషయం. దుబాసీ ఎంత జాగ్రత్తపరుడో ఇక్కడే బయటపడుతుంది.

సర్వర్ "ఇక్కడ తప్పుంది" అన్నప్పుడు లైను నంబరు, ఆ లైనులో ఎన్నో స్థానం అన్నది పంపుతుంది. ఆ స్థానాన్ని ఎల్ఎస్‌పీ మొదటి నుంచీ యూటీఎఫ్-16 యూనిట్లలో లెక్కపెడుతుంది (యూటీఎఫ్-16, యూటీఎఫ్-8 అనేవి అక్షరాలను కంప్యూటర్‌లో దాచే రెండు పద్ధతులు). విమ్ లోపల లెక్క యూటీఎఫ్-8 బైట్లలో. ఇంగ్లిష్ అక్షరాలకి రెండు లెక్కలూ ఒకటే, కాబట్టి పొరపాటు జరిగినా ఎవరికీ కనపడదు. తెలుగు కోడ్‌పాయింట్ (ఒక్కో అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ యూనికోడ్ ఇచ్చిన నంబరు) ఒక్కొక్కటీ యూటీఎఫ్-16లో ఒక యూనిట్, యూటీఎఫ్-8లో మూడు బైట్లు. "తెలుగు" అన్న మాట కంటికి మూడక్షరాలు. కంప్యూటర్‌కి గుణింతపు గుర్తులు విడిగా కలిపి ఆరు యూనిట్లు, పద్దెనిమిది బైట్లు.

పైథాన్‌లో వేరియబుల్ పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. ఈ లైను చూడండి:

పేరు = "తెలుగు" + ఊరు

"ఊరు" అనే వేరియబుల్ ఎక్కడా నిర్వచించలేదు అనుకుందాం. పైరైట్ దాని కింద గీత గీయమంటుంది. సున్నా నుంచి లెక్కపెడితే యూటీఎఫ్-16లో ఆ మాట 18వ స్థానంలో మొదలై 21 దగ్గర ముగుస్తుంది. అదే మాట బైట్ల లెక్కలో 38 దగ్గర మొదలవుతుంది. ప్లగిన్ మార్చి లెక్కపెట్టకుండా 18ని బైటుగా తీసుకుందనుకోండి. 18వ బైటు "తెలుగు"లోని మొదటి అక్షరం మధ్యలో పడుతుంది. ఎర్ర గీత "ఊరు" కింద కాక "తె" కింద వస్తుంది. అటునుంచి కూడా ఇంతే. కర్సర్ "ఊరు" మీద పెట్టి డెఫినిషన్ అడిగితే, ప్లగిన్ 38 అని పంపుతుంది. ఆ లైను పొడవే 21 యూనిట్లు. సర్వర్ దాన్ని లైను చివర అనుకుంటుంది.

తెలుగు మెసేజ్‌లు పంపే ఒక అప్లికేషన్ మీద పనిచేసినప్పుడు నాకు ఇది ఎదురైంది. తెలుగు స్ట్రింగ్ ఉన్న లైన్లలోనే పేరు మార్చడం దెబ్బతినేది. మార్పు పక్క అక్షరాల మీద పడి కోడ్ పాడయ్యేది. రెండు రోజులు నా కీబోర్డునీ ఫాంటునీ అనుమానించాను. మన లిపిలో రాసే కోడ్‌ని ఎవరూ పరీక్షించి చూడలేదని అర్థమైనప్పుడు నిజంగా బాధేసింది. అప్పటి నుంచి ఈ లైను ఒక ఫైలులో దాచుకున్నాను.

తెలుగు ఒక్కటే చాలదు. ప్లగిన్ బైట్లు కాకుండా కోడ్‌పాయింట్లు లెక్కపెట్టినా తెలుగులో తేడా రాదు, ఎందుకంటే మన అక్షరాలకి కోడ్‌పాయింట్, యూటీఎఫ్-16 యూనిట్ సమానం. ఎమోజీలు అలా కావు. నవ్వు ముఖం ఒక్క కోడ్‌పాయింటే అయినా రెండు యూనిట్లు, నాలుగు బైట్లు. అందుకే అదే కోట్‌ల మధ్య ఒక నవ్వు ముఖం చేర్చి రెండో లైను పెట్టాను. కోడ్‌పాయింట్లు లెక్కపెట్టే ప్లగిన్ ఇక్కడ గీతని ఒక స్థానం ముందుకు జరుపుతుంది. "ఊ" వదిలేసి "రు" కింద గీస్తుంది.

2022లో వచ్చిన ఎల్ఎస్‌పీ 3.17లో సర్వరూ క్లయింటూ ముందే మాట్లాడుకుని యూటీఎఫ్-8 ఎంచుకునే వీలు కల్పించారు. క్లాంగ్‌డీ, రస్ట్-అనలైజర్ దానికి ఒప్పుకుంటాయి. తర్వాత విమ్‌లోనూ యూటీఎఫ్-16 లెక్క కోసం ఫంక్షన్ చేర్చారు. అయినా ఒకే ఫైలుకి రెండు సర్వర్‌లు తగులుకుని ఒకటి యూటీఎఫ్-8లో, ఇంకోటి యూటీఎఫ్-16లో మాట్లాడితే చిక్కే. నియోవిమ్ అలాంటప్పుడు వార్నింగ్ ఇస్తుంది. దాన్ని పట్టించుకోకుండా వదిలేయకండి.

ఇక ఎంపిక. నియోవిమ్ 0.11 లేదా ఆ పైది ఉంటే లోపలి క్లయింట్‌తో మొదలుపెట్టండి, చాలనప్పుడు మాత్రమే చేర్చుకోండి. విమ్‌లో ఉండి, నోడ్ ఉన్న మెషీన్ మీద వెబ్ పని చేస్తుంటే కాక్. నోడ్ వద్దనుకుంటే విమ్ 9లో యెగప్పన్ ఎల్ఎస్‌పీ, లేదంటే విమ్-ఎల్ఎస్‌పీ. లింటర్‌లు ఎక్కువగా వాడేవాళ్లకి, లాగిన్ అయి పనిచేసే పరాయి మెషీన్‌లకి ఏఎల్ఈ. ఏది వేసుకున్నా ఆ రెండు లైన్ల ఫైలు ఒకసారి తెరిచి చూడండి. అర నిమిషం పని.

కుర్రాడికి కూడా ఆ ఫైలు పంపాను. తర్వాతి రోజు అతని స్క్రీన్ చూస్తే రెండు లైన్లలోనూ గీత సరిగ్గా "ఊరు" కిందే ఉంది. మొదటి రోజు తీసేసిన ప్లగిన్‌నే మళ్లీ వేసుకున్నాడు.